ఎర్ర దారం దాకా

రివాస్, మాద్రిద్ శివారు
1997 అక్టోబరు 20

చెల్లి ఎల్విరాకు,

నీ షూటింగ్ వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి మూడు రోజులైంది. రెండు వారాల హోటలు బతుకు తరవాత తాళం తీసి, గది గదికీ తిరిగి, చూసినదల్లా కాగితం మీద రాసుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోను చేయవచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు మధ్యలో నవ్వుతావు. నేను చెప్పవలసింది సగంలో ఆగిపోతుంది.

ముందు బాగున్నవి. వంటిల్లు తుడిచి అప్పగించారు. మీ బావ అన్సెల్మో పుస్తకాలు వరస తప్పకుండా సర్దారు. ఇక బాగాలేనివి. మెట్ల గోడ మీద మూరెడు గీత. నీలం కప్పుల్లో రెండు పగిలాయి. ఆ మాట ఎవరూ చెప్పలేదు, సాసర్లు మాత్రం కడిగి బోర్లించి పెట్టారు. నా గళ్ళ ఏప్రన్ కనబడటం లేదు. ఈ ఏడు మా పద్దెనిమిది ఇళ్ళ సంఘానికి అధ్యక్షుడిగా ఉండే వంతు మీ బావకు పడింది కాబట్టి, అక్టోబరులో ఈతకొలను మళ్ళీ నింపించినందుకు తిట్లన్నీ ఆయనే తిన్నాడు. పదకొండో నంబరు ఇంటాయన మెట్ల మీద నిలదీశాడట, "సినిమా వాళ్ళకైతే కొలను తెరుస్తావు, మా మనవడికైతే ఆగస్టు అయిపోయిందంటావు" అని. "మీ మనవణ్ణి కూడా సినిమాలో చేర్చండి" అని మీ బావ తప్పించుకున్నాడు. అన్సెల్మో జోకు వేశాడంటే ఎంత భయపడ్డాడో నువ్వే ఊహించుకో.

ఇవన్నీ పోనీ. అమ్మ గదిలో కిటికీ షట్టరు లాగే పట్టీ మార్చేశారు. పాత పట్టీ మీద, ఒక చోట, నేను ఎర్ర దారంతో అడ్డంగా కుట్టిన గుర్తు ఉండేది. ఆ పట్టీ నాకు కావాలి. ఎవరు తీశారు, ఎక్కడ పెట్టారు, రాయి.

అమ్మ పుస్తకం కూడా పంపించు. నాలుగేళ్ళు ఆవిడ ఏ గంటకు ఏం తిన్నదీ, ఎంత నిద్రపోయిందీ రాసిన పుస్తకం. "వివరాల కోసం" అని అడిగావు, ఇచ్చాను. అమ్మ పోయి ఇరవై నెలలైంది. ఇంట్లో ఆవిడ గుర్తుగా ఇప్పుడు ఆ పుస్తకం కూడా లేదు.

వచ్చే మే నెలలో మా ఊరి సాంస్కృతిక భవనంలో సినిమా మొదట మా వీధివాళ్ళకే చూపిస్తానని మాట ఇచ్చావు. పక్కింటి మతిల్దె మీ షూటింగ్‌లో కొలను పక్కన నిలబడ్డ నలుగురిలో ఒకతె కదా, అప్పుడే కొత్త గౌను కుట్టించుకుంటోంది.

ఫెలీసా


బార్సెలోనా
1997 అక్టోబరు 29

అక్కా,

కప్పులకు, గోడకు క్షమించు. రంగులవాణ్ణి పంపిస్తాను. ఏప్రన్ బట్టల పెట్టెలో వచ్చేసింది, ఉతికించి పంపుతాను.

పట్టీ సంగతి. కెమెరా దగ్గరికి వెళ్ళేసరికి ఆ ఎర్ర దారం కంట్లో గుచ్చుకుంటోందని సామాను చూసే అమ్మాయి తీసేసి కొత్తది బిగించింది. పాతది చెత్తలో పోయినట్టుంది. కొత్తది గట్టిదే, పదేళ్ళు వస్తుంది. దారమే కదక్కా.

పుస్తకం ఎడిటింగ్ అయ్యేదాకా ఉండనీ. అందులోంచి చాలా తీసుకున్నాను. నీకు తెలియదు కానీ నువ్వు చాలా బాగా రాస్తావు. "ఉదయం ఏడు. పాలు సగం కప్పు. కిటికీ వైపు చూసింది." ఇంత పొదుపు మా స్క్రిప్టు రాసేవాళ్ళకు రాదు.

బావకు ముద్దులు. మన పిల్ల నోయెలియాను చదువుకోమను.

ఎల్విరా


రివాస్
1997 నవంబరు 9

ఎల్విరాకు,

నీకు మరో అవకాశం ఇస్తున్నాను. ఈసారి నేను అడిగింది తప్పించుకోకుండా పంపు.

నిన్న రొట్టెల దుకాణం వరసలో మతిల్దె నా చేయి పట్టుకుంది. షూటింగ్‌లో తాను కొలను దగ్గర నిలబడి పైకి చూసిందట. మా ఇంటి రెండో అంతస్తు కిటికీలో నటి కనిపించిందట. నా గళ్ళ ఏప్రన్ కట్టుకుని ఉందట. లోపల ముసలావిడ పిలుస్తూ ఉంటే షట్టరు దడాలున కిందికి వదిలేసిందట. అలా నాలుగుసార్లు తీశారట. "సినిమా కాబట్టి అలా చూపిస్తారులే ఫెలీసా" అంటూనే నా మొహం వెతికింది. వెనక నిలబడ్డ ఇద్దరూ వెతికారు. ఆ వరసలో ఉన్నవాళ్ళందరికీ అమ్మ తెలుసు. నేను అమ్మ గదిలో షట్టరు దించేదాన్నని కూడా వాళ్ళకు తెలుసు. మధ్యాహ్నం మూడింటికి ఈ వీధిలో దించని ఇల్లు ఏది?

ఇంటికి వచ్చి నోయెలియాను అడిగాను. పది రోజులు మీ వాళ్ళకు కాఫీలు అందించింది కదా, దానికి తెలిసే ఉంటుందనుకున్నాను. తెలుసు. నెల రోజుల నుంచీ తెలిసి దాచింది. "అమ్మా, అమ్మమ్మ నిజంగా అలా ఏడ్చేదా? నేను బళ్ళో ఉన్నప్పుడు?" అంది.

పందొమ్మిదేళ్ళ పిల్ల. నా కళ్ళలోకి చూడకుండా అడిగింది.

ఆ సీను కాగితాలు పంపించు. వివరణలు వద్దు, కాగితాలు.

ఫెలీసా


బార్సెలోనా
1997 నవంబరు 24

అక్కా,

కాగితాలు ఇందులో పెట్టాను. చదివే ముందు ఒక్క మాట విను.

ఆవిడ పేరు ఆల్బా. ఆవిడ నువ్వు కాదు. నాకు కావలసింది ఒక శుభ్రమైన శివారు ఇల్లు. బయట కొలను, పూలకుండీలు, వంతుల వారీగా అధ్యక్షులు. లోపల మూసిన షట్టరు. మనలాంటి కుటుంబాలు తమ ముసలివాళ్ళను ఎలా చూస్తున్నాయో ఎవరో ఒకరు నిజం చెప్పాలి. ఊరికే అల్లింది కాదు. నేను చూసిందే రాశాను.

నీకు కోపం వస్తుందని తెలుసు. కోపం తగ్గాక అర్థమవుతుంది. ఏప్రన్ సంగతి నువ్వు ఇలా తీసుకుంటావనుకోలేదు. ఆ రోజు వంటింటి మేకుకు అదే వేలాడుతోంది, అంతే.

ఎల్విరా


రివాస్
1997 డిసెంబరు 14

సినిమా డైరెక్టరు గారికి,

మూడు వారాలు ఆగి రాస్తున్నాను. ఈ మూడు వారాల్లో ఐదు ఉత్తరాలు రాసి చించాను. ఇది ఆరోది, పోస్టులో పడుతుంది.

"నేను చూసిందే రాశాను" అన్నావు. ఏం చూశావు? నాలుగేళ్ళలో నువ్వు ఈ ఇంటి గడప తొక్కింది తొమ్మిదిసార్లు. పుట్టినరోజులకు, క్రిస్మస్‌కు. వచ్చావు, అమ్మ చెంప నిమిరావు, "ఎంత చిక్కిపోయింది" అని నాకేసి చూశావు, ఐదింటి రైలుకు వెళ్ళావు. మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో ఏం జరిగేదో చెబుతాను. నీ సినిమాలో లేనిది.

షట్టరు అడుగు పలక కిటికీ గట్టుకు తగిలాక పట్టీ ఇంకో జానెడు వదిలితే పలకలన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, వాటి మధ్య ఉండే చిల్లులు మూసుకుపోతాయి, గది బొగ్గులా నల్లబడుతుంది. ఆ జానెడు వదలకుండా ఆపితే చిల్లులు తెరుచుకుని ఉంటాయి. ఎండ వాటిలోంచి వచ్చి ఎదురు గోడ మీద చుక్కలుగా పడుతుంది. ఇది ఈ దేశంలో పసిపిల్లకైనా తెలుసు. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి మంచం మీద ఉన్న అమ్మకు ఆ చుక్కలే ఊరు. సోరియా కొండ మీద, రాత్రి కళ్ళం గట్టు నుంచి చూస్తే కనబడే మన ఊరి దీపాలు. "అదిగో రొట్టెల బట్టీ. అది తెయోఫీలా వాళ్ళిల్లు, ఇంకా పడుకోలేదు చూడు, పాలు విరిగి ఉంటాయి" అనేది. నలభై ఒక్క ఇళ్ళూ లెక్కపెట్టేది. ఇప్పుడు అక్కడ ఏడు ఇళ్ళలో మనుషులున్నారు. మా గోడ మీద మాత్రం నలభై ఒక్కటీ వెలిగేవి. ఆవిడ లెక్కపెట్టి, ఒక్కో ఇంటినీ ఆడిపోసుకుని, నిద్రపోయేది. నేను అప్పుడు కిందికి వెళ్ళి గిన్నెలు కడుక్కునేదాన్ని.

1995 జులైలో నాకు పిత్తాశయం ఆపరేషను. ఐదు రోజులు ఆసుపత్రి. మీ బావ నా పక్కన, నోయెలియా వేసవి శిబిరంలో. నువ్వు వచ్చి అమ్మను చూసుకున్నావు. అందుకు చాలాకాలం నీకు రుణపడి ఉన్నాననుకున్నాను.

నేను తిరిగి వచ్చేసరికి అమ్మ మారిపోయింది. షట్టరు పట్టీ మీద చేయి వేస్తే చాలు, ఊపిరి బిగబట్టేది. దించనిచ్చేది కాదు. జులై ఎండ మొహాన పడుతున్నా సరే. వైద్యుణ్ణి అడిగితే రోగం ముదిరిందన్నాడు. నేను వేరే అనుకున్నాను. నేను వదిలి వెళ్ళాను, అందుకే భయం పట్టుకుంది అనుకున్నాను. ఆ తరవాత ఏడు నెలలు ఒక్క రాత్రి కూడా ఇల్లు దాటలేదు. నోయెలియా బడి చివరి నాటకానికి వెళ్ళలేదు. అమ్మ చనిపోయే రోజు దాకా ఆ తప్పు నాదే అనుకున్నాను.

దారం అప్పుడు కుట్టాను. చిల్లులు తెరుచుకునే చోట, పట్టీ మీద, ఎర్ర దారం. అమ్మ చేతికి ఇచ్చి తడిమించాను. "ఇది దాటదు అమ్మా, ప్రమాణం" అన్నాను. మూడు వారాలు పట్టింది నమ్మడానికి. తరవాత రోజూ దారం చూసుకున్నాకే కళ్ళు మూసుకునేది. నీ కెమెరాకు గుచ్చుకున్న దారం అది.

ఇప్పుడు నా ప్రశ్న. అమ్మ పుస్తకం నీ దగ్గరే ఉంది, తెరిచి చూడు. ఆపరేషను రోజుల్లో ఏం తిన్నదీ ఎంత పడుకున్నదీ రాయమని నీకు చెప్పి వెళ్ళాను. జులై 9 నుంచి 13 వరకు ఐదు పేజీలు ఖాళీ. నీ నిర్లక్ష్యమేలే అని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. నీ సీను చదివాక పట్టించుకుంటున్నాను. నీ సీనులో కిటికీ కింద కొలనులో పిల్లల కేకలు ఉన్నాయి. నువ్వు వచ్చే అమ్మ పుట్టినరోజు మార్చిలో. క్రిస్మస్ డిసెంబరులో. అప్పుడు కొలనులో కేకలుండవు.

ఎప్పుడు చూశావు ఎల్విరా?


బార్సెలోనా
1998 జనవరి 11

అక్కా,

పండుగలన్నీ అయ్యేదాకా ఆగాను. ధైర్యం వస్తుందేమోనని. రాలేదు, అయినా రాస్తున్నాను.

నువ్వు ఫ్రిజ్ మీద అతికించి వెళ్ళిన కాగితం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. పద్నాలుగు పంక్తులు. పదకొండోది, "మూడింటికి షట్టరు దించు." దించాను. మొత్తం దించాను. పట్టీ వదిలేస్తే అదే పడిపోయింది.

అమ్మ పిలిచింది. నన్ను కాదు. "ఫెలీసా, ఫెలీసా" అని. నేను వెళ్ళి "అక్క ఆసుపత్రిలో ఉందమ్మా, నేను ఎల్విరాను" అన్నాను. నన్ను చూసి "మా ఫెలీసాను పిలువమ్మా" అంది, పనిమనిషితో చెప్పినట్టు. నాకు కోపం వచ్చింది. అంత దూరం నుంచి వచ్చాను. తలుపు మూసి, ఈతబట్టలు వేసుకుని కొలనుకు వెళ్ళాను. నీళ్ళలోంచి ఆ కిటికీ కనిపించేది. తల ముంచితే పిలుపు వినపడేది కాదు. అందుకని ముంచుతూనే ఉన్నాను. రెండు గంటలు.

ఐదు రోజులూ అంతే. నాలుగో రోజుకు పిలవడం మానేసింది. అలవాటైందనుకున్నాను.

పుస్తకంలో ఏం రాయను?

నా గురించే రాద్దామని కూర్చున్నాను. చేయి రాలేదు. ఆ ఆడమనిషికి ఏప్రన్ కట్టాక వచ్చింది. ఇంతే అక్కా. ఇంతకంటే వివరణ లేదు.

నువ్వు ఏం చేయమంటే అది చేస్తాను.

ఎల్విరా


రివాస్
1998 జనవరి 19

ఎల్విరా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తరవాత ఆ గదిలోకి వెళ్ళి పట్టీ చివరిదాకా వదిలి, మంచం మీద పడుకున్నాను. ఎంతసేపు ఉండగలనో చూద్దామని. వంటింట్లో పప్పు మాడిన వాసన వచ్చేదాకా ఉన్నాను. నాకు రెండు కాళ్ళున్నాయి, లేచి వచ్చాను.

పదకొండో పంక్తి గురించి. అవును, "జానెడు ముందే ఆపు" అని రాయలేదు. అమ్మ మాత్రల రంగులతో సహా రాశాను, అది రాయలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ ముసలిది ఏడిస్తే షట్టరు ఎత్తమని పదిహేనో పంక్తి రాయాలా? దానికి కూడా కాగితం కావాలా నీకు?

ఏడు నెలలు నన్ను నేను తిట్టుకున్నాను. నువ్వు వారానికోసారి ఫోను చేసి "అమ్మ ఎలా ఉంది, ఇంకా షట్టరంటే భయమేనా, పాపం" అనేదానివి. తెలిసి అడిగావు. ఆ "పాపం" నా చెవిలో ఇంకా ఉంది. నీ పాపం తీసి నాకు కట్టావు, నా ఏప్రన్‌తో సహా. ఊరంతటికీ చూపించబోయావు. నా కూతురికి చూపించావు.

సీను తీసేయమంటాననుకుంటున్నావు. వద్దు. తీసేస్తే నువ్వు హాయిగా ఉంటావు. మళ్ళీ తియ్యి. ఆ ఆల్బా తల తడిసి ఉండాలి. ఒంటి మీద ఈతబట్టలుండాలి, భుజాన తువ్వాలు. ఏప్రన్ ఉండకూడదు. ఇంటి ఇల్లాలు ఆసుపత్రిలో ఉందని ఎవరో ఒకరు అనాలి. ఐదు రోజుల కోసం వచ్చిన మనిషి ఆవిడ అని ప్రతివాడికీ తెలియాలి. మీ నిర్మాత ఒప్పుకోడంటావు. ఒప్పించు. లేకపోతే మే నెలలో ఆ భవనం గుమ్మంలో నేను నిలబడి, లోపలికి వెళ్ళే ప్రతి ఒక్కరికీ నీ ఉత్తరం చదివి వినిపిస్తాను. మతిల్దెకు రెండుసార్లు చదువుతాను.

ఫిబ్రవరి 21, శనివారం. ఒక్క రోజు, నలుగురు మనుషులు. తాళం మతిల్దె దగ్గర. మేము ఇంట్లో ఉండం.

ఫెలీసా


బార్సెలోనా
1998 మార్చి 2

అక్కా,

తీశాను. నిర్మాతతో మూడు వారాలు గొడవ. చివరికి మా కెమెరా అతను "ఇదే సరైన సీను, ముందు తీసింది అబద్ధంలా ఉంది" అన్నాక ఒప్పుకున్నాడు. అతనికి ఏమీ తెలియదు.

షట్టరు ఎలా వదలాలో నటికి నేనే చేసి చూపించాను. చేయి వణికింది. అలా వణకాలా అని అడిగింది ఆ అమ్మాయి. వద్దు, అప్పుడు వణకలేదు అని చెప్పాను.

కొత్త పట్టీ మీద కూడా నువ్వు ఎర్ర దారం కుట్టావు. ఈసారి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అందరూ భోజనానికి వెళ్ళాక దారం దాకా దించి చూశాను. చుక్కలు వచ్చాయి. నేను ఇరవై ఆరు దాకా లెక్కపెట్టగలిగాను. ఏది ఎవరి ఇల్లో నాకు తెలియదు.

పుస్తకం వేరే కవరులో పంపుతున్నాను, ఏప్రన్‌తో.

ఎల్విరా


రివాస్
1998 మే 17

ఎల్విరా,

నిన్న సినిమా చూపించారు. భవనం నిండింది. పదకొండో నంబరు ఆయన మనవడితో వచ్చి, కొలను కనపడగానే "అదిగో మన డబ్బు" అన్నాడు, అందరూ నవ్వారు. మతిల్దె కొత్త గౌను వేసుకుంది. సినిమాలో ఆమె రెండు క్షణాలు కనబడింది, అదీ వీపు.

ఆ సీను వచ్చింది. తడిజుట్టు మనిషి పట్టీ వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఒక్కరు కూడా నాకేసి తిరిగి చూడలేదు. నోయెలియా నా చేయి పట్టుకుంది, దీపాలు వేసినా వదల్లేదు. బయటికి వచ్చాక మతిల్దె, "ఎవరే ఆ దుర్మార్గురాలు, చెల్లెలా?" అంది, సినిమాలో మనిషి గురించి. "అవును, చెల్లెలు" అన్నాను.

నువ్వు రాలేదు. పని ఉందని నిర్వాహకుడితో చెప్పించావు. పిరికిదానివి. కొలనులో తల ముంచుకోవడం నీకు ఇంకా పోలేదు.

క్షమించానని రాయను. నాకు అబద్ధాలు రాయడం చేతకాదు. కోపం పొద్దున లేవగానే ఉంటుంది, గిన్నెలు కడుగుతుంటే ఉంటుంది. నువ్వు చచ్చినా ఉంటుందేమో. కానీ అమ్మకు మనం ఇద్దరమే. ఆవిడ ఆ ఐదు రోజులు ఎవరి దగ్గరా లేకుండా ఉండటం నాకు ఇష్టం లేదు.

అమ్మ పుస్తకంలోంచి జులై 9 నుంచి 13 దాకా ఐదు కాగితాలు జాగ్రత్తగా విప్పి ఇందులో పెట్టాను. నీ చేత్తో నింపు. గంట గంటకూ. ఏం తిన్నది, ఏం తినలేదు, ఎన్నిసార్లు పిలిచింది, ఎప్పుడు మానేసింది. అందంగా రాయకు. నేను రాసినట్టు రాయి.

పోస్టులో పంపకు. జులై 9న తీసుకుని రా, ఐదు రోజులు ఉండు. కొలను తెరిచి ఉంటుంది, ఈతబట్టలు మాత్రం తేవద్దు. మధ్యాహ్నం అమ్మ మంచం మీద పడుకుందువు. ఏ చుక్క ఎవరి ఇల్లో చెబుతాను. నలభై ఒక్కటీ నేర్చుకునేదాకా లేవనివ్వను.

షట్టరు నువ్వు ముట్టుకోకు. నేను దించుతాను, దారం దాకా.

ఫెలీసా